పాత జంటా, కొత్త జంటా, మధ్యలో ఒక అండీ

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బయటికి పొమ్మన్నారు. తర్వాత లోపలికి రమ్మనడం ఆయన మర్చిపోయారు, వెళ్ళడం నేను మర్చిపోయాను. అలా బయటే ఉండిపోయినవాణ్ణి, తిరిగి తిరిగి మా ఊరి డిగ్రీ కాలేజీ గేటు ఎదురుగా మైకుసెట్ల షాపు పెట్టుకుని స్థిరపడ్డాను. ఆ కాలేజీలో నాకంటే ఎక్కువ కాలం ఉన్న మనిషి ఇంకొకరు లేరు. ప్రిన్సిపాళ్ళు వచ్చారు, బదిలీ అయి వెళ్ళారు. పిల్లలు చేరారు, పాసై పోయారు. నేను ఒక్కణ్ణే పాసవకుండా మిగిలాను. చేరితే కదా పాసయ్యేది.

కాలేజీలో ఏ కార్యక్రమం జరిగినా మైకు నాదే. ఆటల పోటీలైతే మైకుతో పాటు నోరు కూడా నాదే. బంతి ఎవరి దగ్గరుందో, ఎవరు వేశారో, ఎవరు జారిపడ్డారో చెబుతూ మధ్యలో నాలుగు చమత్కారాలు విసరడం నా పని. ఆట రాదు. కానీ ఆట వచ్చినవాళ్ళు మాట్లాడకుండా ఆడుతుంటే, రానివాడే కదా మాట్లాడాలి.

మా కాలేజీకి చదువులో ఎంత పేరుందో నాకు తెలియదు గానీ, అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు మాత్రం పేరుంది. సిమెంటు కోర్టు, దానికి ఒకవైపు మెట్లు, రెండోవైపు ప్రహరీ గోడ, గోడ వెనక పంటకాలువ. బంతి గోడ దాటిందంటే కాలువలోనే. వెదురుగెడకు వల కట్టి గోడకు ఆనించి ఉంచుతారు, చేపలు పట్టడానికి కాదు.

సాయంత్రం ఎండ మెట్ల మీంచి దిగిపోయే వేళకు ముగ్గురం అక్కడ చేరతాం. ఆ కాలేజీలోనే పనిచేసి రిటైరైన గుమస్తాగారు, రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసే నా స్నేహితుడు, నేను. ఎదురుగా అమ్మాయిలు ప్రాక్టీసు చేస్తుంటారు. మేం వాదించుకుంటూ ఉంటాం. మా వాదన ఎప్పుడూ ఒక్కటే. గార్డుల్లో పాత జంట గొప్పదా, కొత్త జంట గొప్పదా?

గార్డులంటే జట్టులో బంతిని ముందుకు తీసుకొచ్చే ఇద్దరు. ఎవరికి ఇవ్వాలో, ఎటు వెళ్ళాలో వాళ్ళే తేల్చాలి. మిగతా ముగ్గురు ఎంత పొడుగున్నా, ఈ ఇద్దరికీ పొత్తు కుదరకపోతే పొడుగు దండగ.

"పాత జంట ముందు వీళ్ళెంతండీ?" అంటారు గుమస్తాగారు. "ఆ రోజుల్లో పొట్టమ్మాయి కాలువ వైపు చూస్తూ బంతిని ఇటు విసిరేది. అవతలి జట్టంతా కాలువ వైపు పరిగెత్తేది."

"అప్పటి జట్లు పరిగెత్తేవండి," అంటాడు అరటి వ్యాపారి. "ఇప్పుడు ఎటు చూసినా ఎవడూ కదలడు. అయినా వీళ్ళు బంతి ఇచ్చుకుంటున్నారా లేదా? ఆ చెయ్యి నుంచి ఈ చేతిలోకి ఎప్పుడు వచ్చిందో కనబడుతోందా మీకు?"

"నాకు శుక్లం ఉందయ్యా. కనబడకపోవడం వాళ్ళ గొప్పతనం కాదు."

ఇద్దరూ చివరకు నా వైపు తిరుగుతారు. నేనేం చెప్పను? పాత జంటలో ఆ పొట్టమ్మాయి మా ఆవిడ. కొత్త జంటలో పొడుగమ్మాయి మా అమ్మాయి. ఏ జంట గొప్పదన్నా ఆ పూట ఇంట్లో ఎవరో ఒకరు నాకు అన్నం పెట్టరు.

మా ఆవిడ నాకు మేనమామ కూతురు. డిగ్రీ చదివింది, జిల్లా జట్టుకు ఆడింది. అటువంటి పిల్ల నన్ను ఎందుకు చేసుకుందని ఊళ్ళో చాలామందికి అనుమానం. ఆవిడ చెప్పే కారణం వేరు. "మైకు పట్టుకుని ఊరందర్నీ నవ్విస్తున్నాడు కదా, ఇంట్లో ఒక్కదాన్ని నవ్వించలేడా అనుకున్నాను. ఊరు ఎందుకు నవ్వుతోందో తర్వాత తెలిసింది."

ఆవిడా, ఆవిడ జంట గార్డూ ఆడుతుంటే చూడటం కంటే వినడం బాగుండేది. వైర్లు లాగే వంకతో ఆ కోర్టు చుట్టూ తిరిగినవాణ్ణి నేను, నాకు బాగా తెలుసు. బంతి చేతిలో పడేలోపు ఒక తిట్టు పడేది. "ఒసే మొద్దూ, ఇటు!" అని ఒకరు, "నీకే వేశానే గుడ్డిదానా!" అని ఇంకొకరు. అవి తిట్లు కావు, గుర్తులు. ఏ తిట్టుకు ఎటు పరిగెత్తాలో వాళ్ళిద్దరికే తెలుసు.

కొత్త జంటకు ఆ విద్య ఎవరూ నేర్పలేదు. దానంతటదే వచ్చింది. మా అమ్మాయీ, దాని స్నేహితురాలూ ఇంటర్‌లో మొదటిసారి కలిసినప్పుడే తిట్టుకుంటూ కలిశారట. ఆ పిల్లది పక్క ఊరు, వ్యవసాయం చేసుకునే పెద్ద కుటుంబం. మామ్మగారి పెంపకం. ఇంట్లో నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల, కోర్టులో అడుగుపెడితే మా అమ్మాయిని దులిపి ఆరేసేది. మా అమ్మాయి కూడా తక్కువది కాదు. ఇంటికొచ్చి, "ఇవాళ నన్ను ఎంత తిట్టిందో తెలుసా నాన్నా," అని చెబుతుంటే దాని మొహం బహుమతి తెచ్చుకున్నట్టు ఉండేది.

ఆ పిల్ల మా ఇంటికి వచ్చీ పోయీ, మా అబ్బాయికి నచ్చింది. వాడు భీమవరం దగ్గర రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం చేస్తాడు. ఆ అమ్మాయికీ వాడు నచ్చాడు. రొయ్యల మేత వాసన కూడా నచ్చిందంటే అది ప్రేమేనని నేను ఒప్పుకున్నాను. రెండు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకున్నాం, ఆ పిల్ల ఫైనల్ ఇయర్ పరీక్షలయ్యాక పెళ్ళి అనుకున్నాం, వాళ్ళింట్లోనే తాంబూలాలు పుచ్చుకున్నాం.

మా అమ్మాయి సంతోషం అంతా ఇంతా కాదు. స్నేహితురాలు వదినై ఇంటికే వచ్చేస్తుంది, ఇంకేం కావాలి? ఆ రోజు పట్టుచీర కట్టుకుని కూర్చున్న పెళ్ళికూతురు గదిలోంచి కేకేసింది. "ఒసే, ఇలా రావే, జడ పిన్ను ఊడిపోయింది!"

పక్క గదిలో ఉన్న మామ్మగారు విన్నారు. కోప్పడలేదు. ఆవిడకు కోప్పడటం రాదు. మా వైపు పెద్దవాళ్ళు చాలామంది అంతే, ఉరి వెయ్యాల్సి వచ్చినా "కొంచెం మెడ ఇటు పెట్టండి" అంటారు. ఆవిడ మనవరాలి దగ్గరకొచ్చి మెల్లగా చెప్పారు.

"అమ్మలూ, ఇంక ఆ అమ్మాయి నీకు ఆడపడుచు. ఒసే, రావే అంటే నలుగురూ మమ్మల్ని అంటారు. అండీ అనాలి."

"అది నా ఫ్రెండే మామ్మా..."

"ఫ్రెండైతే మాత్రం? అండీ అంటే నోరు అరిగిపోతుందా?"

ఇద్దరూ ముసిముసిగా నవ్వుకున్నారు. మేమూ నవ్వాం. మామ్మగారి మాట అక్కడితో పోతుందనుకున్నాం. కానీ ఆ పిల్లకు మామ్మ మాట వేదం కంటే ఎక్కువ. వేదం వారం వారం తలకి నూనె పెట్టి కుంకుడుకాయ రసంతో రుద్దదు కదా.

ఆ మర్నాటి నుంచి కోర్టులో అండీ మొదలైంది.

ముందు మేం మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాం. "ఇటు వెయ్యండి," అని ఒకరు. "తీసుకోండి వదినగారూ," అని ఇంకొకరు. మా అమ్మాయి రింగు కిందకు వెళ్ళి, వెయ్యకుండా ఆగి వదినకు ఇచ్చేది. వదిన, "అయ్యో, మీరు వెయ్యండి," అని వెనక్కి ఇచ్చేది. ఈలోపు ఇంకెవరో లాక్కుపోయేవారు.

"ఇది ఆట కాదండి, పెళ్ళి భోజనం," అన్నారు గుమస్తాగారు. "మీరు వేసుకోండంటే మీరు వేసుకోండని వడ్డించుకుంటున్నారు."

"ఆయ్, కొత్త చుట్టరికం కదండీ, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది," అన్నాడు అరటి వ్యాపారి.

సర్దుకోలేదు. నవ్వు కూడా అయిపోయింది. కోర్టులో ఇద్దరూ మాట్లాడుకోవడమే తగ్గిపోయింది. అండీ అంటూ అరవడం కుదరదు. అరవకుండా గార్డు ఆట కుదరదు. ఆపైన ఇంకో వింత. మా అమ్మాయి పాసులు తప్పసాగాయి. వదిన కుడివైపుంటే ఎడమవైపు, చేతికి వెయ్యాల్సింది కాళ్ళకు. రెండుసార్లు బంతి నేరుగా కాలువలోకి పోయింది. వదిన ప్రతిసారీ, "పర్లేదండి, నాదే పొరపాటు," అని వెళ్ళి వెదురుగెడ తెచ్చుకునేది.

"చూశారా మరి!" అన్నారు గుమస్తాగారు. వాదన గెలిచినందుకు ఆయన మొహంలో సంతోషం లేదు. "పాత జంట ఏ రోజైనా ఇలా వేసిందా?"

అరటి వ్యాపారి పక్కన ఎగురుతున్న తుమ్మెద ఎటు పోతోందో చూస్తున్నట్టు తల తిప్పుకున్నాడు.

ఇంట్లో మా అమ్మాయి తినడం కూడా సరిగా తినడం లేదు. ఒకరోజు నేను ఆంప్లిఫయర్ విప్పుకుని కూర్చుంటే వచ్చి పక్కన చతికిలబడింది.

"ఏంటమ్మా, బంతికీ నీకూ మాటల్లేవా?" అన్నాను.

అది నవ్వలేదు. నా జోకుకు అది నవ్వకపోవడం మామూలే గానీ, ఆ రోజు కోప్పడలేదు కూడా.

"నాన్నా, వదిన వచ్చింది," అంది. "బాగానే ఉంది. మరి నా ఫ్రెండు ఏమైపోయింది?"

చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. ఏ స్క్రూ తిప్పాలో నాకు తెలియలేదు.

రాత్రి భోజనాల దగ్గర విషయం మా ఆవిడకు చెప్పాను. మర్నాడు సాయంత్రం ఆవిడ షాపుకి టీ ఫ్లాస్కు తీసుకొచ్చి, ఇచ్చి వెళ్ళిపోకుండా నాతో పాటు గేటు దాటి మెట్ల దాకా వచ్చింది. ఆవిడ ఆ మెట్ల మీద కూర్చుని ఎన్నేళ్ళయిందో! గుమస్తాగారు లేచి నిలబడినంత పనిచేశారు. ఇన్నాళ్ళూ పొగిడిన మనిషి పక్కనే కూర్చునేసరికి ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఆవిడ చాలాసేపు ఆట చూసింది. మా అమ్మాయి ఒక పాసు తప్పుగా వేసింది. వదిన, "పర్లేదండి," అంది. ఇంకొకటి వేసింది. మళ్ళీ "పర్లేదండి."

"బావా," అంది మా ఆవిడ, మెల్లగా. "అది పాసు తప్పడం లేదు. కావాలనే వేస్తోంది."

"కావాలని కాలువలో ఎందుకేస్తుంది?"

"తిట్టించుకోవాలని. అంత చెత్త పాసు వేస్తే ఎవరైనా తిడతారు కదా. ఆ పిల్ల తిట్టడం లేదు. దీనికి అదే దిగులు."

నేను మళ్ళీ కోర్టు వైపు చూశాను. నిజమే. బంతి విసిరిన ప్రతిసారీ మా అమ్మాయి బంతిని చూడటం లేదు, వదిన నోటి వైపు చూస్తోంది.

ఇంటికి నడుస్తుంటే ఆవిడ తన జంట గురించి చెప్పింది. ఆ రెండో గార్డు ఇప్పుడు ద్రాక్షారామం దగ్గర ఏదో స్కూల్లో టీచరు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పెళ్ళిళ్ళలో కలుస్తారు. ఆమధ్య అన్నవరంలో చుట్టాల వ్రతంలో కలిసినప్పుడు నేనూ చూశాను. "బాగున్నారా అండీ?" "బాగున్నామండి. పిల్లలు బాగున్నారా?" ఇద్దరు తాసీల్దార్లు మాట్లాడుకుంటున్నట్టు.

"ఎవరు మొదలుపెట్టారు?" అని అడిగాను.

"గుర్తులేదు. పెళ్ళయిన కొత్తలో ఎక్కడో కలిసినప్పుడు వాళ్ళాయన పక్కనుంటే నేను దాన్ని మీరు అన్నాను. అదీ మీరు అంది. తర్వాత వెనక్కి రావడం ఇద్దరికీ చేతకాలేదు."

"ఒక ఫోను చేసి ఒసే అంటే సరిపోలా?"

"అనొచ్చు," అంది. నాలుగడుగులు వేసి, "అవతల్నుంచి ఎవరండీ అంటే?" అంది.

నేను ఫ్లాస్కు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

తర్వాతి వారం మా కాలేజీలోనే కాలేజీల మధ్య పోటీలు. కాకినాడ నుంచి వచ్చిన గట్టి జట్టుతో మావాళ్ళ మ్యాచ్ సాయంత్రం పెట్టారు. వియ్యాలవారిని మా ఆవిడ ప్రత్యేకంగా పిలిచింది. మామ్మగారు ఆట ఎప్పుడూ చూడలేదు, అయినా వచ్చారు. మెట్లు ఎక్కలేరని నేనే ఒక కుర్చీ తెచ్చి గీత పక్కన, నా మైకు బల్ల దగ్గర వేశాను. ఆ కుర్చీ పక్కనే మా ఆవిడ కూర్చుంది. వెనక మెట్ల మీద మా ఇద్దరు పండితులు.

సగం ఆట అయ్యేసరికి మావాళ్ళు బాగా వెనకబడ్డారు. గార్డులిద్దరూ మౌనవ్రతం పట్టినట్టు ఆడుతున్నారు. నేను మైకులో ఏదేదో చెప్పి జనాన్ని నవ్విస్తున్నాను గానీ నా కళ్ళు మా అమ్మాయి మీదే ఉన్నాయి. దేవుడా, ఇవాళ మాత్రం ఆ చెత్త పాసు వెయ్యకు తల్లీ, అనుకుంటున్నాను.

వేసింది. రెండో సగం మొదలవగానే, వదిన ఎదురుగా ఖాళీగా ఉంటే, ఆమెకు వెనకగా విసిరింది. బంతి గీత దాటి మామ్మగారి కాళ్ళ దగ్గరకు దొర్లుకుంటూ వచ్చింది. వదిన పరిగెత్తుకొచ్చి ఆగింది. మామ్మ మొహం చూసింది. "పర్లేదండి," అంది, వెనక్కి తిరిగి.

మా అమ్మాయి మొహం వాడిపోయింది. నేను మైకు బల్ల మీద పెట్టి, బంతి తీసి లోపలికి విసిరాను.

కాసేపటికి మళ్ళీ బంతి దాని చేతికి వచ్చింది. వదిన రింగు వైపు దూసుకుపోతోంది, ముందు ఎవరూ లేరు. జట్టంతా అరుస్తోంది. మా అమ్మాయి తీసి కాళ్ళ దగ్గరకు కొట్టింది. ఆ పిల్ల తూలి, చేతుల మీద పడి, లేచింది. లేచి నా బల్ల ఎదురుగానే నిలబడింది.

"ఒసే గుడ్డిమొహమా! నేనెక్కడున్నాను, నువ్వెక్కడ వేస్తున్నావే? పది రోజుల్నుంచి చూస్తున్నాను, కాళ్ళకేస్తావు, కాలువలో వేస్తావు! చేతులున్నాయా, అన్నం తినడానికే పెట్టుకున్నావా? ఇంకొక్కసారి ఇలా వేశావంటే నిన్నే కాలువలో పడేస్తాను!"

మైకు ఆపడం నాకు తట్టలేదు. నా హారన్లు మంచివి. ఆ మాటలు కాలువ దాటి, రోడ్డు దాటి, అవతల టీకొట్ల దాకా వినబడ్డాయి.

కాకినాడ పిల్లలు కూడా ఆగిపోయి చూస్తున్నారు. ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుని మామ్మగారి వైపు తిరిగింది.

అవతలి వైపు నుంచి మా అమ్మాయి అరిచింది. "నువ్వు కదలవే ముందు! స్తంభంలా పరిగెడితే ఎలా వెయ్యను?"

"స్తంభం పరిగెడుతుందా ఎక్కడైనా? మొద్దు మొహమా!"

మా అమ్మాయి భుజంతో మొహం తుడుచుకుంటూ వెనక్కి పరిగెత్తింది. చెమటో, ఇంకోటో. ఊళ్ళో అందరికీ అన్నీ మైకులో చెప్పేవాణ్ణి, అది మాత్రం చెప్పలేదు.

మామ్మగారు పమిట సర్దుకున్నారు. కాసేపు కోర్టు వైపు చూశారు. అక్కడ ఇద్దరూ తిట్టుకుంటూ బంతి తీసుకొస్తున్నారు. ఆ చెయ్యి నుంచి ఈ చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నాకూ కనబడలేదు. రింగులో పడింది.

"ఏమ్మా," అన్నారు మామ్మగారు మా ఆవిడతో. "ఇది ఎప్పుడూ ఇలాగే తిడుతుందా?"

"తాంబూలాలకి ముందు తిట్టేదండి," అంది మా ఆవిడ.

"అప్పుడు ఆట బాగుండేదా?"

"బాగుండేదండి."

"మరి ఈ సంగతి నాతో ఒక్కళ్ళూ చెప్పలేదేంటమ్మా?" ఆవిడ మళ్ళీ కోర్టు వైపు చూశారు. "సరే, ఆ గీత లోపల తిట్టుకోమనండి. చెప్పులు విప్పి లోపలికెళ్ళినట్టు, ఆడపడుచూ, వదినా అన్నీ గీత బయట విప్పేసి వెళ్ళమనండి. ఇంట్లో నలుగురిలో ఉన్నప్పుడు మాత్రం అండీ అనాలి."

"గదిలో ఇద్దరే ఉన్నప్పుడోనండీ?" అంది మా ఆవిడ.

మామ్మగారు ఆవిడ వైపు తిరిగి, తేరిపార చూశారు. "నాకు గదిలోవి వినబడవులే," అన్నారు.

మ్యాచ్ ఓడిపోయాం. చివరిదాకా దగ్గరికొచ్చి ఓడిపోయాం. ఓడినవాళ్ళిద్దరూ కోర్టు మధ్యలో కూర్చుని, ఓటమి ఎవరివల్ల వచ్చిందో తేల్చుకుంటూ ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళు మొట్టుకుంటున్నారు. మెట్ల మీద మా పండితులు కూడా మళ్ళీ మొదలుపెట్టారు. "ఇవాళ రెండో సగం చూశాక కూడా పాత జంటేనంటారా?" "రెండో సగం సరేనయ్యా, మొదటి సగం ఎవడి ఖాతాలో వేస్తావు?"

నేను వైర్లు చుట్టుకుని, హారన్లు వ్యాన్‌లో వేసి, మా ఆవిడ పక్కన నిలబడ్డాను. ఆవిడ ఇంకా ఆ పిల్లల వైపే చూస్తోంది.

"ఇంత చూశావు కదా, ఇప్పుడు నువ్వే తేల్చు," అన్నాను. "మీ జంట గొప్పదా, వీళ్ళ జంట గొప్పదా?"

"వీళ్ళదే బావా," అంది, వాళ్ళ మీంచి చూపు తిప్పకుండానే. "పెళ్ళి కుదిరాక కూడా దానికి తిట్టే మనిషి మిగిలింది. నాకు తిట్టించుకునే మనిషి దొరికాడంతే."